పావంగుళం మాస్టారి కళ్ళజోడు

ఆ వేసవికి ముందు ఎవరైనా నా ముఖం మీద "మీకు కళ్ళజోడు కావాలండీ" అని ఉంటే, వాళ్ళ ప్యాంటు పావంగుళం పొట్టిగా కోసి పంపించి ఉండేవాణ్ణి. నేను కటింగ్ మాస్టర్‌ని. మా వీధిలో నన్ను పావంగుళం మాస్టారు అంటారు. రోడ్డు అవతల నడిచిపోతున్న మనిషి చొక్కా చెయ్యి ఒకటి పావంగుళం పొడుగుందని బల్ల దగ్గర నిలబడే చెప్పేస్తానని ఆ పేరు. ఒకప్పుడు నిజంగానే చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత చొక్కా సంగతి అటుంచి మనిషే మసకమసగ్గా కనిపించేవాడు. అయినా "ఎడమ చెయ్యి పొడుగు" అని గట్టిగా అనేసేవాణ్ణి. ఎవరు వెంటపడి కొలుస్తారు?

మా ఇంటి ముందు గదే కుట్టుగది. అందులో ముగ్గురం. బల్ల దగ్గర కత్తెరతో నేను, కిటికీ కింద మిషన్ మీద మా అక్క, మధ్యలో స్టూలు మీద మా ఆవిడ. నేను కోసిన ముక్కల్ని కట్టలు కట్టి అక్కకి అందించడం, అక్క కుట్టినవాటికి గుండీలు, అంచులు చేత్తో కుట్టడం మా ఆవిడ పని. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. రెండు వీధుల అవతల ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం దాకా కుడుతుంది, కుడుతున్నంతసేపూ నన్ను తిడుతుంది. ఆ తిట్లు నాకు ఫ్యాను చప్పుడులా అలవాటైపోయాయి. ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు చూసి "నాలుగు కళ్ళూ సరిగ్గా పని చేస్తున్నాయా అక్కా?" అని రోజుకొకసారైనా ఎగతాళి చెయ్యకపోతే నాకు పొద్దుపోయేది కాదు.

స్కూళ్ళు తెరిచే ముందు ఆరు వారాలు మాకు ఊపిరి సలపని కాలం. ఆ ఏడు మా అదృష్టం పండి, దగ్గర్లో ఉన్న ఆడపిల్లల స్కూల్ నుంచి నూట ఎనభై స్కర్టులు కుట్టే పని వచ్చింది. నాలుగేళ్ళు ఆ స్కూల్ గేటు చుట్టూ తిరిగితే దొరికిన పని. ఈ ఒక్కసారి బాగా కుట్టి ఇస్తే ఏటా మాదే. చెడగొడితే మళ్ళీ ఆ గేటు లోపలికి కూడా రానివ్వరు.

ఆ బట్ట సంగతి కొంచెం చెప్పాలి. ముదురు నీలం. పైవైపు సన్నటి ఏటవాలు గీతలు కుడిచేతి వైపుకి ఎక్కుతుంటాయి, లోపలి వైపు ఎడమచేతి వైపుకి. అంతకు మించి తేడా లేదు. గదిలో చూస్తే రెండు వైపులూ ఒకటే, ఎండలో పెడితే మాత్రం లోపలి వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. అలాంటి బట్టని నేను బల్ల మీద ఒక వరస అటు, ఒక వరస ఇటు మడుస్తూ పన్నెండు పొరలు పరిచి ఒక్క కోతలో కోసేస్తాను. అటూ ఇటూ మడిచింది కాబట్టి సగం ముక్కలు బోర్లా, సగం వెల్లకిలా ఉంటాయి. ఒక్కొక్కటీ తీసి చూసి, లోపలి వైపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లోపలికి పోయేలా అక్క కుడుతుంది. కోత ఎంత గొప్పగా ఉన్నా, గుర్తు తప్పితే అంతా తప్పినట్టే.

సరిగ్గా పని మొదలైన మూడో రోజు మా అత్తగారికి కాలు బెణికిందని కబురొచ్చి మా ఆవిడ నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళింది. కట్టలు కూడా నేనే కట్టి అక్కకి అందించాను. అక్క కుట్టేసింది. ఇరవై నాలుగు స్కర్టులు ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుని, అక్కనీ వెంటబెట్టుకుని, పెళ్ళికొడుకులా స్కూల్‌కి బయల్దేరాను.

పెద్ద మేడమ్ ఒక స్కర్టు తీసుకుని వరండాలోకి నడిచింది. ఎండలో పట్టుకుని చూసింది. ఇంకొకటి తెమ్మంది. తర్వాత ఇంకొకటి.

"ఇది స్కర్టా మాస్టారూ, చదరంగం బల్లా?"

ఆరు నిలువు ముక్కలు, మా భాషలో పట్టీలు, కలిపి కుట్టే స్కర్టు అది. రెండు పట్టీలు ముదురుగా, ఒకటి వెలిసినట్టు, మళ్ళీ ఒకటి ముదురుగా ఉందట. 'ఉందట' అని ఎందుకంటున్నానంటే, నాకు మాత్రం అంతా నీలంగానే కనిపించింది. పక్కనున్న టీచర్లు తలలు ఊపుతుంటే నేనూ ఊపాను. ఊపుతూ ఊపుతూ, నా పేరు కాపాడుకోవాలన్న తొందరలో, ఈ నోటితోనే అనేశాను.

"మిషన్ మీద జరిగిన తప్పు మేడమ్. మా అక్క ముక్కలు తిరగేసి కుట్టేసింది."

అక్క నా పక్కనే ఉంది, సంచి పట్టుకుని. నా వైపు తిరిగింది. నోరు తెరిచింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ ఆ నోరు అలాగే మూసేసింది. వీధి మొత్తాన్ని హడలగొట్టే ఆ నోటి నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది.

"సరిచేసి ఇస్తాం మేడమ్."

"పదిహేను రోజుల్లో మొత్తం నూట ఎనభై కావాలి. మళ్ళీ ఇలాగే వస్తే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను," అంది మేడమ్.

ఇంటికొచ్చాక అక్క కూర్చోలేదు. మిషన్ మీద గుడ్డ కప్పింది. తన చిన్న కత్తెర, కళ్ళజోడు పెట్టె సంచిలో వేసుకుంది.

"నీ గుర్తు ఎటుంటే అటు కుట్టాను," అంది.

"నా గుర్తు తప్పెలా అవుతుంది? ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్నాను!"

"అయితే తప్పు నాదే. తప్పులు కుట్టేదానికి మిషన్ ఎందుకు? నువ్వే కుట్టుకో."

వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో తనే వస్తుందిలే అనుకుని మీసం దువ్వుకున్నాను. నేను మిషన్ మీద కూర్చుంటే రోజుకి ఆరు స్కర్టులు అవుతాయి, అక్క కూర్చుంటే ఇరవై. ఈ లెక్క ఆ క్షణంలో నా బుర్రకి తట్టలేదు.

ఆ సాయంత్రమే మా ఆవిడ ఊరి నుంచి వచ్చింది. సంచి కింద పెట్టకుండానే సంగతంతా విన్నది. ఒక స్కర్టు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ముఖం పాలిపోయింది. బల్ల మీదున్న నా కత్తెర తీసుకుని, బీరువాలో పెట్టి, తాళం వేసింది. పదిహేడేళ్ళ కాపురంలో నా కత్తెర మీద ఆవిడ చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి.

"ఏంటిది?"

"ముందు కళ్ళు చూపించుకోండి."

"నా కళ్ళకేం రోగం?"

"ఏమీ లేకపోతే ఆ మాట కళ్ళ డాక్టరమ్మే చెప్తుంది. చెప్పిందంటే తాళం ఇచ్చేస్తాను."

అరిచాను. అలిగాను. రాత్రి భోజనం మానేస్తానన్నాను, సరేనంది. దాంతో నాకు వేరే దారి లేకపోయింది.

కళ్ళ డాక్టరమ్మ గదిలో నాకంటే ముందు ఒక పెద్దాయన కూర్చుని బోర్డు మీది అక్షరాలు చదువుతున్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న నేను చెవులు రిక్కించి, అన్నిటికంటే కింది వరస మొత్తం బట్టీ పట్టేశాను. నా వంతు రాగానే ఛాతీ విరుచుకుని కుర్చీలో కూర్చుని, ఆవిడ అడగకముందే గడగడా అప్పజెప్పేశాను.

"బాగా చదివారండీ," అంది డాక్టరమ్మ. "కానీ నేనింకా బోర్డు లైటు వెయ్యలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. తల కొట్టేసినట్టయింది నాకు. లైటు వేశాక పై రెండు వరసలు చదివాను. మూడోది ఊహించాను. ఆ తర్వాత ఊహకి కూడా అందలేదు.

"దూరం చూపూ తగ్గింది, దగ్గర చూపూ తగ్గింది. ఇన్నాళ్ళూ కత్తెర ఎలా పట్టారండీ?"

"అలవాటు డాక్టరుగారూ. చెయ్యే చూసుకుంటుంది."

మా ఆవిడ ఏదో అనబోయి ఆగింది.

"పని చేసేటప్పుడు బట్టకీ కంటికీ మధ్య ఎంత దూరం ఉంటుంది? ఉజ్జాయింపుగా చెప్పండి చాలు."

ఉజ్జాయింపా! నా మెడలో టేపు ఉండగా! లేచి నిలబడి, ఆవిడ బల్లనే నా బల్ల అనుకుని వంగి, ఒక కొస కంటి దగ్గర, ఒక కొస బల్ల మీద పెట్టి చూపించాను. ఇరవై మూడున్నర అంగుళాలు. డాక్టరమ్మ నవ్వుతూ రాసుకుంది. పై సగంలో దూరం, కింది సగంలో నా బల్ల కనిపించేలా ఒకే అద్దంలో రెండూ ఇస్తానంది. రెండు రోజుల్లో రమ్మంది.

ఆ రెండు రోజులూ మా ఆవిడ పాడైన స్కర్టుల కుట్లు విప్పింది. నేను మిషన్ మీద కూర్చుని ఏదో కుడదామని చూశాను. అక్క సీటు నాకు ఎత్తు చాలలేదు, ఆవిడ తిట్లు లేని గదిలో నాకు చెయ్యి కూడా ఆడలేదు.

మూడో రోజు కళ్ళజోడు పెట్టుకుని డాక్టరమ్మ ఆస్పత్రి మెట్టు మీద నిలబడ్డాను.

ఏం చెప్పను! ఎదురుగా కరెంటు తీగ మీద పిట్టలున్నాయి. ఇన్నాళ్ళూ అవి తీగకి వేసిన ముడులనుకున్నాను. వీధి చివర మలుపు తిరుగుతున్న బస్సు నంబరు చదివాను. ఆ వెనక బస్సు నంబరు కూడా చదివాను. రోడ్డు అవతల ఒకాయన పోతున్నాడు, ఆయన చొక్కా కాజాలు కనిపించాయి. కాజాలండీ! కాలరు ఎడమ మొన కుడిదానికంటే కిందికి దిగి ఉంది. నా ప్రాణం ఆగలేదు. రోడ్డు దాటి పరిగెత్తి ఆయన్ని ఆపాను.

"సార్, ఒక్క నిమిషం. మీ కాలరు ఎడమవైపు పావంగుళం పొడుగుంది. కొలవనిస్తారా?"

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. మెడలో టేపు చూసి పిచ్చివాణ్ణి కాదని తేల్చుకున్నట్టున్నాడు, మెడ వంచాడు. కొలిచాను. సరిగ్గా పావంగుళం! ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. వెనకాల మా ఆవిడ "ఇక పదండి బాబూ, జనం చూస్తున్నారు," అంటోంది. చూడనీ! నేనూ వాళ్ళని చూస్తున్నానుగా!

ఇంటి మెట్ల దగ్గర మాత్రం నా దర్జా కొంచెం తగ్గింది. కింది అద్దంలోంచి చూస్తే మెట్టు ముఖం మీదికి వచ్చినట్టుంది. మోకాలు గుండెల దాకా ఎత్తి, గుర్రంలా అడుగులు వేస్తూ ఎక్కాను. లోపలికి వెళ్ళాక అసలు పండగ మొదలైంది. మా కుట్టుగది గోడలకి ఒక్క పగులు కూడా లేదని రెండేళ్ళుగా అందరితో వాదిస్తున్నాను. మూలమూలకీ పగుళ్ళే. కస్టమర్లు నిలబడి చూసుకునే అద్దం నిండా వేలిముద్రలే. టీ కప్పులో తేలుతున్నది టీ పొడి కాదు, చీమ. అంటే ఇన్నాళ్ళూ నేను తాగింది... సరే, ఆ లెక్క వద్దు.

తిరిగి చూస్తే మా ఆవిడ. పొద్దుటి నుంచీ పక్కనే ఉంది, కానీ ఊరంతా చూసే హడావిడిలో ఆవిడ వైపు చూడనే లేదు. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ. అది ఉందన్న సంగతే మర్చిపోయాను. కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. కళ్ళ కింద అలసట. ఎంత బాగుంది!

"ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. కనిపిస్తున్నావు."

"చాల్లెండి సంబరం," అని తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టి, కొత్త సూదుల కోసం బజారుకి వెళ్ళింది.

కత్తెర తీసుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. కింది అద్దంలోంచి నీలం బట్ట చూశాను. గీతలు! సన్నగా, తీర్చిదిద్దినట్టు, ఒక్కొక్క గీతా విడివిడిగా కుడిచేతి వైపుకి ఎక్కుతున్నాయి. బట్ట తిరగేశాను. ఎడమచేతి వైపుకి ఎక్కుతున్నాయి. మళ్ళీ తిరగేశాను. చిన్నపిల్లాడిలా పది సార్లు తిరగేసి చూసుంటాను. ఈల వేస్తూ పన్నెండు పొరలు పరిచి కోశాను. ఒక్కొక్క ముక్కా చూసి గుర్తు పెడుతుంటే, ఇంత సులువైన పనిని ఇన్నాళ్ళూ బొటనవేలితో తడుముకుంటూ ఎలా చేశానా అనిపించింది.

ఆ ఉత్సాహంలోనే, మా ఆవిడ ఊరెళ్ళే ముందు నేను కోసి ఇస్తే, ఆవిడ కట్టి అలమరలో పెట్టిన మొదటి కట్ట గుర్తొచ్చింది. ముప్ఫై ఆరు పట్టీలు. అవి కూడా ఈ కళ్ళతో ఒకసారి చూద్దామని విప్పాను.

మొదటి పట్టీ మీద నా సుద్ద గుర్తు ఉంది. దాని మూల ఎర్ర దారంతో వేసిన ముడి ఒకటి ఉంది. ఆవగింజంత. కుట్టులో పోయే అంచు మీద, బయటికి కనపడని చోట. పొరపాటున అంటుకుందేమోనని లాగాను, రాలేదు. రెండో పట్టీకీ ముడి ఉంది. మూడోదానికీ ఉంది. నాలుగో పట్టీకి నా సుద్ద ఒకవైపు ఉంటే, ముడి రెండోవైపు ఉంది. గీతలు చూశాను. ముడి ఉన్నదే లోపలి వైపు. నా సుద్ద గుర్తు పైవైపు మీద ఉంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముప్ఫై ఆరూ చూశాను. పదకొండింటికి నా గుర్తు తప్పు. ఎర్ర ముడి ఒక్కచోట కూడా తప్పలేదు. పోయినేడు మిగిలిన ముక్కల సంచి దించి చూశాను. అందులోనూ ముడులు. అంతకు ముందు ఏడాదివాటికీ ఉన్నాయి.

మా ఆవిడ వచ్చేసరికి నేను ఆ ముక్కల మధ్యే ఉన్నాను. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"రెండేళ్ళయింది."

"అక్కకి తెలుసా?"

"ముడి ఎలా వెయ్యాలో నేర్పిందే వదిన. మీ గుర్తు చూడొద్దు, నా ముడి చూసి కుట్టమని చెప్పేదాన్ని. ఈసారి నేను లేను కదా... ముడి లేకపోతే వదిన మీ గుర్తు చూసే కుట్టింది. తొందర పని, ఒక్కొక్కటీ ఎండలో పట్టి చూసే తీరిక లేదు; స్కూల్ పని కదా, ఈసారి జాగ్రత్తగానే గుర్తులు పెట్టుంటారనుకుందట."

"నాకు చెప్పొచ్చు కదే!"

"చెప్పాం. రెండేళ్ళ కిందట కళ్ళు చూపించుకోమని వదిన ఒక్క మాట అంటే, మూడు రోజులు కత్తెర ముట్టలేదు మీరు. కళ్ళు పోతే నేను పోయినట్టే అన్నారు. ఆ మూడు రోజులూ మీ ముఖం చూసిందాన్ని నేను. మళ్ళీ చూడలేననిపించింది."

సిగ్గుతో చచ్చిపోయాను. వరండాలో అక్క నోరు తెరిచి మూసిన ఆ క్షణం అప్పుడర్థమైంది. మా కటింగ్ మాస్టర్‌కి కళ్ళు కనిపించవు అని ఒక్క మాట అంటే ఆవిడ బయటపడేది, నేను మునిగేవాణ్ణి. ఆ మాట మింగేసి, నేను వేసిన నింద మోసుకుని ఇంటికి నడిచింది.

కళ్ళజోడుతోనే అక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఎవరిదో పాత ప్యాంటుకి అతుకు వేస్తోంది. చేత్తో. తల ఎత్తి నన్ను చూసింది. నేనూ ఆవిడ్ని చూశాను. బొటనవేలి నిండా సూది గుచ్చుకున్న మచ్చలు, నోటి పక్కన లోతుగా గీతలు. మా అక్క ఇంత పెద్దదెప్పుడైంది?

"ముఖానికి బాగానే నప్పింది," అంది, మళ్ళీ అతుకు మీదికి వంగుతూ.

"ఎర్ర ముడులు చూశానక్కా."

సూది ఆగింది. "మరదలు చెప్పిందా?"

"నేనే చూశాను. తప్పు నాది. ఇంటికి రా అక్కా, మిషన్ నీది."

"ఇంట్లో ఎవరన్నారురా నన్ను? ఇంట్లో నువ్వు ఎన్ని అన్నా నాకు లెక్కలేదు. నేనూ నీకు తక్కువేం పెట్టలేదు. స్కూల్లో అన్నావు. నా చేతిపని గురించి, అంతమంది ముందు." సూదిని అతుకులోకి గుచ్చేసింది. "నలభై ఏళ్ళలో నా కుట్టు తప్పిందని అన్నవాడు లేడు."

"రేపు పొద్దున్న స్కూల్‌కి పోదాం. వాళ్ళందరి ముందే చెప్తాను."

"పిచ్చివాడా! చెప్తే ఆర్డర్ పోతుంది. కళ్ళు కనపడనివాడితో ఎవరు కోయిస్తారు? నోరు మూసుకుని ఇంటికి పో."

"పోతే పోనీ," అన్నాను. అనేశాక నాలుగేళ్ళు తిరిగిన ఆ స్కూల్ గేటు గుర్తొచ్చింది, ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న అక్కని దాదాపు లాక్కెళ్ళాను. పెద్ద మేడమ్ గదిలో ఆ రోజున్న టీచర్లే ఉన్నారు, పుస్తకాల కట్టలు సర్దుతూ. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"మేడమ్, ఆ తప్పు మా అక్కది కాదు. గుర్తులు పెట్టింది నేను. నాకు రెండేళ్ళుగా కళ్ళు సరిగ్గా కనపడటం లేదు. నా తప్పులు మా ఇంట్లో ఆడవాళ్ళు నాకు తెలియకుండా దిద్దుతూ వచ్చారు. ఆ రోజు నా పరువు కోసం మా అక్క మీద తోసేశాను. నిన్ననే కళ్ళజోడు వచ్చింది."

మేడమ్ నన్ను చూసింది, అక్కని చూసింది. బీరువాలోంచి ఆ ఇరవై నాలుగింటిలో తన దగ్గర ఉంచుకున్న ఒక స్కర్టు తీసి, నాకు ఆరడుగుల దూరంలో పట్టుకుంది.

"ఇందులో ఏ పట్టీలు తిరగబడ్డాయో అక్కణ్ణించే చెప్పండి."

"ఎడమ నుంచి రెండోది, మేడమ్. వెనకవైపు తిప్పండి... ఆ, అక్కడ రెండు. పక్కపక్కనే ఉన్నాయి." అంతటితో ఊరుకోవచ్చు కదా! ఆమె వెనకాల కిటికీ కర్టెన్ నా కళ్ళలో పడింది. ఎండ దాని మీద పడుతోంది. "మేడమ్, మీ కర్టెన్ కూడా సగం గుడ్డ తిరగేసి అతికారండీ. మధ్యలో అతుకు దగ్గర చూడండి, అటు వెలిసింది."

అక్క నా నడుం మీద గిల్లింది. టీచర్లందరూ కిటికీ వైపు తిరిగారు. మేడమ్ లేచి, కర్టెన్ పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"మూడేళ్ళుగా దీని ముందే కూర్చుంటున్నాను," అంది. నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత నవ్వు తగ్గించి అక్క వైపు తిరిగింది. "అమ్మా, ఆ రోజు మిమ్మల్ని నేను కూడా ఒక మాట అన్నట్టే అయింది. క్షమించండి. పది రోజులే ఉన్నాయి. మీరు కుడతానంటే ఆర్డర్ మీ దగ్గరే ఉంటుంది."

అక్క తల ఊపింది.

దారంతా నన్ను తిడుతూనే నడిచింది. ఆ కర్టెన్ సంగతి నీకెందుకురా, అంతమందిలో పరువు తీశావు, ఎవరు చెప్పమన్నారు నిన్ను అంటూ. తిడుతూ తిడుతూ రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎంత హాయిగా ఉందో ఆ తిట్లు వినడానికి! మా వీధి మలుపు దగ్గర ఆగి, "మిషన్‌కి నూనె వేశావా లేదా?" అంది.

"లేదక్కా."

"వేసి ఉంచు. అన్నం తిని వస్తాను."

మధ్యాహ్నం వచ్చింది. గుడ్డ తీసి మడతపెట్టింది. సీటు ఎత్తు సరిచేసుకుంది. నేను నిన్న కోసిన కట్ట మా ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ దాన్ని విప్పలేదు, ముడులు వెయ్యలేదు. అలాగే వదిన చేతికి అందించింది.

అక్క మొదటి పట్టీ తీసుకుంది. అలవాటు కొద్దీ వేలితో మూల తడిమింది. ముడి తగల్లేదు. మా ఆవిడ వైపు చూసింది.

"ఇక అక్కర్లేదు వదినా," అంది మా ఆవిడ, మెల్లగా.

అక్క చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. కిటికీ పక్కనే, కావాలంటే ఎండలో పట్టుకుని చూసుకోవచ్చు. పది రోజుల పని, నలభై ఏళ్ళ పేరు ఆ ముక్క మీద ఉన్నాయి. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ నా సుద్ద గుర్తు చూసింది. రెండో పట్టీ దాని మీద పెట్టింది, గుర్తులు రెండూ బయటికి వచ్చేలా; కుట్టి తిరగేస్తే అవే లోపలికి పోతాయి. బట్ట తిరగేసి చూడలేదు. సూది దించి, కాలితో తొక్కడం మొదలుపెట్టింది.